జీతం రాళ్లతో కొన్న రంగులు

కరీంనగర్ గడ్డ మీద చిత్రకారులకు కొదవ లేదు. బొమ్మల మీద గడిచిన ఇండ్లే తక్కువ. బడిలో సుద్దముక్క, బాలభవన్‌లో పిల్లల గోల, టేకు చెక్క, ఫొటో స్టూడియోలో ఎర్రబల్బు... వీటి నడుమ కుంచెను కాపాడుకున్నవాళ్ల కథ ఇది. పొద్దు వాలినంక అద్దం ముందు నిలబడితే అందులో ఎవరు కనిపిస్తారన్న ముచ్చట కూడా.

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు. ఒకటి మల్యాల మండలంలో, కొండగట్టు అంజన్న పాదాల దగ్గర. రెండోది మల్లాపూర్ మండలంలో, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు. ఆ ఊరికి దేవుడు అన్నం పెడితే ఈ ఊరికి చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. సీజన్ మొదలైతే చెరకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. ఊరి గాలే తియ్యగా, కొంచెం పుల్లగా వాసనేసేది. 2015 చివర్లో గానుగ ఆగిపోయింది. కొలువంటే ఏమిటో, అది పోయిన ఇంట్లో పొయ్యి ఎట్లుంటదో ఈ ఊరికి ఒకరు చెప్పే పని లేదు.

మా పెద్దబాపు ఆ ఫ్యాక్టరీ కాటా దగ్గర చిట్టీలు రాసేవాడు. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆ చిట్టీల వెనకాల నేను బొమ్మలేసేవాణ్ణి. చూసి మురిసేవాడు. పక్కవాళ్లను పిలిచి చూపించేవాడు. మీసాలొచ్చాక కూడా నేను బొమ్మల ముచ్చటే ఎత్తితే మాత్రం ఒకనాడు నవ్వు ఆపి అడిగాడు.

"బొమ్మలు మంచిగనే ఏస్తవు గని బిడ్డా, పని ఏం జేస్తవు?"

ఎగతాళి చెయ్యడానికి అడిగిన మాట కాదది. కడుపులోంచి వచ్చిన దిగులు. ఈ ప్రాంతంలో కుంచె పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒక పెద్దమనిషి ముందు ఆ ప్రశ్నకు తల వంచినవాడే. అందరూ ఏదో ఒక జవాబు కూడబెట్టుకున్నారు. ఒకాయన డ్రాయింగ్ సార్ అయ్యాడు. ఒకాయన పిల్లలకు బొమ్మలు నేర్పాడు. ఒకాయన ఫర్నిచర్ చేయించాడు. ఇంకొకాయన స్టూడియో పెట్టి ఫొటోలు తీశాడు. అదే ప్రశ్నను మనిషి తనకు తాను వేసుకుంటే చెప్పే జవాబు వేరే ఉంటుంది. చిత్రకారుడి స్వీయచిత్రం నాకు ఆ జవాబులాగే కనిపిస్తుంది.

చుంగీ గుమస్తా ఆదివారాలు

ఈ ప్రశ్న మన ఊళ్లది మాత్రమే అనుకుంటే పారిస్ నొచ్చుకుంటుంది. హెన్రీ రూసో అక్కడ సుంకం వసూలు చేసే ఆఫీసులో చిన్న ఉద్యోగి. పట్నంలోకి వచ్చే సరుకు మీద పన్ను కట్టించుకోవడం ఆయన పని. మన పాతవాళ్ల మాటలో చెప్పాలంటే చుంగీ నాకా కొలువు. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొలువు మిగిల్చిన పొద్దులో వేసుకున్నాడు. అట్లాంటివాళ్లకు ఐరోపాలో ఒక పేరుంది, ఆదివారం చిత్రకారులని. అందులో కొంచెం చులకన, కొంచెం జాలి.

ఆ గుమస్తా 1890లో తన బొమ్మ తానే వేసుకున్నాడు. నల్ల సూటు, తల మీద నల్ల టోపీ, ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో రంగుల పలక. వెనకాల జెండాలు కట్టిన ఓడ, వంతెన, అప్పటికి ఏడాది కిందటే లేచిన ఐఫిల్ టవర్. వాటన్నిటికంటే రూసోనే పొడుగ్గా ఉంటాడు. ఆఫీసులో ఎవరూ కుర్చీ వెయ్యని మనిషి బొమ్మలో మాత్రం పారిస్ పట్నానికి పెద్దమనిషి లెక్క నిలబడ్డాడు. చేతిలో సుంకం రశీదులు లేవు. అంటే ప్రపంచం అడిగిన జవాబు ఇంట్లో పెట్టి, తన జవాబు పట్టుకొని బయటికొచ్చాడన్నమాట.

ఆ రంగుల పలక మీద రెండు పేర్లు రాసి ఉంటాయి. క్లెమాన్స్, జోసఫీన్. మొదటి భార్య, రెండో భార్య. మొదటి ఆమె 1888లోనే పోయింది. రెండో పెండ్లి బొమ్మ వేసిన ఎన్నో ఏండ్లకు గానీ కాలేదు. అంటే బొమ్మ అయిపోయిందని గోడకు తగిలించి మరిచిపోలేదు. బతుకులో ఏదన్నా జరిగినప్పుడల్లా దించి, ఒక గీత చేర్చాడు. 1893లో, 49 ఏండ్లకు కొలువు మానేసి పూర్తిగా బొమ్మలకే కూర్చున్నాడు. మనం పేరు విన్న అడవి బొమ్మలు, పులులు చాలామటుకు ఆ తర్వాతివే.

అద్దం కూలి అడగదు

మన దిక్కు వద్దాం. 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన పాకాల తిరుమల రెడ్డిని లోకం పి.టి. రెడ్డి అంటుంది. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. 1941లో భోప్లే, మజీద్, కులకర్ణి, బాప్టిస్టాలతో కలిసి అక్కడ సమకాలీన చిత్రకారుల బృందం కట్టారు. హుస్సేన్, సూజా వాళ్ల ప్రోగ్రెసివ్ గ్రూపు పుట్టింది 1947లో. అంతకు ఆరేండ్ల ముందే బొంబాయిలో కొత్త గాలికి కిటికీ తెరిచినవాళ్లలో మన కరీంనగర్ మనిషి ఉన్నాడు. ఈ సంగతి మనలోనే ఎంతమందికి తెలుసు?

వయసులో ఉన్నప్పుడు ఆయన తన ముఖాన్ని తానే మళ్లీ మళ్లీ గీసుకున్నారు. ఆర్ట్ స్కూల్ పిల్లలు అద్దం ముందు ఎందుకు కూర్చుంటారో బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ లోపలి లెక్క చాలా మామూలుది. కదలకుండా కూర్చునే మనిషికి కూలి ఇవ్వాలి. అద్దం కూలి అడగదు. అర్ధరాత్రి లేపినా లేస్తుంది. బొమ్మ పాడుచేస్తే అలగదు. అందుకే ప్రతి చిత్రకారుడి మొదటి మోడల్ వాడి ముఖమే. ఒక చిక్కు మాత్రం ఉంది. అద్దంలో కుడి ఎడమవుతుంది. కుంచె పట్టిన కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు రోజూ చూసే ముఖం వేరు, చిత్రకారుడు గీసే ముఖం వేరు. తనకు తప్ప ఎవరికీ తెలియని ముఖమది.

చదువు అయిపోయింది. హైదరాబాద్ తిరిగొచ్చారు. అప్పుడు ఎదురైంది మా పెద్దబాపు ప్రశ్న. రెడ్డిగారి జవాబు ఫర్నిచర్. కుర్చీలు, బల్లలు చేయించే పని పెట్టుకున్నారు. కొన్నేండ్లు కుంచె కంటే చెక్కే ఎక్కువ మాట్లాడింది. 1947లో పెండ్లాడిన యశోదారెడ్డి మన పల్లె యాసను కథల్లోకి తెచ్చిన రచయిత్రి. తర్వాత రోజుల్లో నారాయణగూడలోని వాళ్ల ఇల్లు ‘సుధర్మ’ బొమ్మలకూ పుస్తకాలకూ ఒకటే చూరు అయింది.

ఫర్నిచర్ కాలాన్ని చాలామంది రెడ్డిగారి జీవితంలో ఖాళీ కాగితంలా చూస్తారు. నాకు అట్లా అనిపించదు. చెక్క పని చేసినవాడికి ఒకటి బాగా తెలుస్తుంది. అతుకు దాగదు. పాలిష్ ఎంత పట్టించినా, మూల సరిగ్గా కూడకపోతే ఏడాది తిరిగేసరికి నోరు తెరుస్తుంది. ఆయన తర్వాత వేసిన తాంత్రిక చిత్రాల్లో చతురస్రం, త్రికోణం, వృత్తం ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడే తీరు చూస్తే, ఆ చెయ్యి చెక్కనూ చూసిందనిపిస్తుంది. 1996లో కన్నుమూసేదాకా ఆయన చిత్రకారుడే. నడుమ కొన్నేండ్లు లోకానికి ఇంకో పేరు చెప్పారంతే.

అరువు పీరియడ్ సార్

మన బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే అందరూ అరువు అడిగే పీరియడ్. లెక్కల సార్‌కు సిలబస్ మిగిలితే ఆ పీరియడ్ కావాలి. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడే మాయమవుతుంది. మా డ్రాయింగ్ సార్ వచ్చేది చేతిలో నాలుగు రంగు సుద్దముక్కలతో. బోర్డు మీద ఒక్క గీతలో కుండ వేసేవాడు. మూతి దగ్గర మొదలై, కడుపు తిరిగి, మళ్లీ మూతికొచ్చి అతుక్కునే గీత. మేం చెయ్యెత్తకుండా అట్లా వెయ్యాలని చూసి ఓడిపోయేవాళ్లం. గంట కొట్టగానే వెనకాల వచ్చిన సార్ డస్టర్‌తో ఆ కుండను తుడిచి లసాగు, గసాభా రాసేవాడు.

డ్రాయింగ్ సార్‌కు బొమ్మలు కాక పనులు చాలా ఉండేవి. ఆగస్టు 15కు మైదానంలో ముగ్గుతో దేశపటం, వార్షికోత్సవానికి స్టేజీ, సర్టిఫికెట్ల మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు, ఎన్నికలొస్తే డ్యూటీ. సాయంత్రం ఇంటికి పోయేసరికి వేళ్ల సందుల్లో సుద్దపొడి మిగిలేది. రంగు పట్టే ఓపిక మిగిలిందో లేదో మేం ఎన్నడూ అడగలేదు.

కరీంనగర్ పక్కనే ఉన్న సిద్దిపేటలో కాపు రాజయ్యగారు అట్లాంటి డ్రాయింగ్ సారే. 1925లో అక్కడే పుట్టారు. హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకొని మళ్లీ సిద్దిపేటకే వచ్చి బడిలో చేరారు. పట్నంలో ఉండిపోతే గ్యాలరీలు దగ్గర, పత్రికలు దగ్గర. ఆయన వాటిని వద్దనుకున్నారు. పిల్లలకు నేర్పారు, లలిత కళా సమితి పెట్టి ఊరికే బొమ్మల రుచి పట్టించారు, రాత్రుళ్లు తన బొమ్మలు వేసుకున్నారు. బతుకమ్మ, బోనాలు, వడ్డెర ఆడవాళ్లు, పొలం పనులు, జోగులు... బడికి పోయేటప్పుడు వచ్చేటప్పుడు దారిలో కనిపించేవాళ్లే ఆయన బొమ్మల్లోకి నడిచొచ్చారు.

ఆయన గీత వెనకాల, కథల పటాలు వేసే చేర్యాల నకాషీల గీత ఉంది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను కలిపి పూత పెడతారు. ఎండినంక నున్నగా చేసి, ఎర్రటి నేపథ్యం పరిచి, దాని మీద కులపురాణాలు బొమ్మకట్టిస్తారు. పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం విప్పి, పాడి చెప్పేవాళ్లకు ఆ పటమే పుస్తకం. నకాషీ ఆ పటం మీద తన ముఖం ఎక్కడా వేసుకోడు. సంతకం కూడా అరుదు. కానీ కండ్ల కొస ఎట్లా లాగాడు, చీర అంచుకు చుక్కలెన్ని పెట్టాడన్నది చూసి ఇది ఫలానా ఇంటి చెయ్యి అని ఆ పనివాళ్లు చెప్పేస్తారు. స్వీయచిత్రం అనే మాట పుట్టకముందే మన దగ్గర ఉన్న స్వీయచిత్రం అదే.

రాజయ్యగారు 2012లో, 87 ఏండ్ల వయసులో పోయారు. ఆయన బొమ్మలు మ్యూజియాలకు ఎక్కాయి. అయినా సిద్దిపేటలో ఆయనను ‘సార్’ అనే తలచుకుంటారు. ఒకటో తారీఖున వచ్చే జీతం ఆయనకు ఇచ్చిందేమిటని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. బొమ్మ అమ్ముడుపోకపోయినా రేపు అన్నం ఉంటుందన్న భరోసా. పంటకు కంచె ఎంతో ఆయన బొమ్మకు జీతం అంత. కొనేవాడికి నచ్చాలని వడ్డెర ఆడమనిషి చేతులు నాజూగ్గా వెయ్యాల్సిన అవసరం ఆయనకు రాలేదు. రాళ్లు కొట్టే చేతులు ఎట్లుంటాయో అట్లనే వేశారు.

బొట్టు వెనకాల ఎవరు

వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం పేరు చెప్పగానే పసుపు పూసిన ముఖం, రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర, భుజం మీద చిలుక కండ్ల ముందుకొస్తాయి. ఎన్నో ఇండ్ల క్యాలెండర్లలోకి, హోటల్ గోడల మీదికి ఆ ఆడవాళ్లు దిగిపోయారు. కానీ ఆ రంగులు ఆయనకు మొదట్లో లేవు. చాలా కాలం బొగ్గుముక్కతోనే, పెన్సిల్‌తోనే గీశారు. నలుపు, తెలుపు, నడుమ మసి.

హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, లలిత కళా అకాడమీ సాయంతో బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ ఉన్నారు. ఆధునిక చిత్రకళ నేర్చుకోవాలని వచ్చినవాళ్లను పల్లె బొమ్మల దిక్కు, మట్టిబొమ్మల దిక్కు చూడమన్న గురువు. తిరిగొచ్చాక వైకుంఠం హైదరాబాద్ బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పే కొలువు చేశారు. మరోపక్క సినిమాలకు కళా దర్శకత్వం. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి గాను 1988 సంవత్సరపు జాతీయ అవార్డు అందుకున్నారు. దొర గడి లోపల ఇత్తడి చెంబు ఎక్కడుండాలి, దాసి కూర్చునే మూలలో గోడ ఎంత మాసి ఉండాలన్నది అట్లాంటి ఊరి గాలి పీల్చినవాడికే తెలుస్తుంది.

బాలభవన్ కొలువు ఆయనకేమిచ్చింది? జీతం సరే. పిల్లల మధ్య రోజూ కూర్చునేవాడికి ఇంకోటి దొరుకుతుంది. ఆరేండ్ల పిల్ల చేతికి రంగులిచ్చి చూడండి. ఎరుపంటే ఎరుపే వేస్తుంది. దాంట్లో తెలుపు కలిపి మెత్తబరచదు. అమ్మను వెయ్యమంటే పేజీ అంతా అమ్మనే వేస్తుంది, ఇల్లు ఓ మూలకు ఇరుక్కుంటుంది. వైకుంఠం ఆడవాళ్లు అట్లనే పటం నిండా ఉంటారు. కలపని ఎరుపు, కలపని పసుపు. ఇది ఆయన చెప్పిన మాటని అనను. బొమ్మల ముందు నిలబడి నేను కట్టుకున్న ఊహ.

ఆయన తరచూ చెప్పుకున్న మాట వేరే ఉంది. చిన్నప్పుడు ఊరికి ఆటలాడేవాళ్లు వచ్చేవారు. మగవాళ్లే ఆడవేషం కట్టేవారు. ఆ నిండుతనం, ఆ సింగారం పిల్లవాడి కండ్లలో పడిపోయింది. ఊరి ఆడవాళ్ల మీద ఆ మోజు అక్కడ మొదలైందంటారు. ఈ మాట తెలిసినంక ఆ బొమ్మలను మళ్లీ చూస్తే ఒకటి స్ఫురిస్తుంది. పసుపు, బొట్టు వెనకాల మగవాడే ఉన్న బొమ్మలవి. వేషం కట్టినవాడు ఒకడైతే, కింద కూర్చొని నోరు తెరిచి చూసిన పిల్లవాడు ఇంకొకడు. ఎనభై దాటిన మనిషి ఇంకా ఆ ఆడవాళ్లనే వేస్తున్నారంటే, ఆ పిల్లవాణ్ణి ఇంకా వేస్తున్నారని లెక్క. వైకుంఠం స్వీయచిత్రం ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ చిలుక పట్టుకున్నామెను చూపిస్తా.

ఎర్రబల్బు గది

ఇంతవరకు చెప్పింది విని, జీతం ఉంటే కళ నిలుస్తుందన్న సూత్రం కట్టేయొచ్చు. జగిత్యాల మనిషి ఒకాయన ఆ సూత్రాన్ని ఒప్పుకోడు.

అలిశెట్టి ప్రభాకర్ 1954 జనవరి 12న పుట్టాడు. మొదట చిత్రకారుడు. పత్రికలకు బొమ్మలు వేశాడు. తర్వాత కెమెరా పట్టాడు. ఆ తర్వాత కవిత్వం ఆయనను పట్టుకుంది. పొట్టకూటికి జగిత్యాలలో పూర్ణిమ స్టూడియో, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ. చివరి రెండు పేర్లు చూడండి. ఫొటోల దుకాణానికి కూడా బొమ్మల పేరే పెట్టాడు.

ఆ కాలపు స్టూడియో చూసినవాళ్లకు గుర్తుంటుంది. ముందు గదిలో చెట్లు, మేడలు గీసిన పరదా. వెనకాల చీకటి గదిలో ఎర్రబల్బు. తొట్టిలో డెవలపర్. తెల్ల కాగితం అందులో ముంచి అటూ ఇటూ ఆడిస్తే, ముందు వెంట్రుకలు, తర్వాత కండ్లు, ఆ తర్వాత ముఖం తేలుతుంది. ఒక్క క్షణం ఎక్కువుంచితే నల్లబడుతుంది. తీసి హైపోలో వెయ్యాలి, అప్పుడే నిలుస్తుంది. పొద్దంతా పాస్‌పోర్టు సైజు ముఖాలు తేల్చిన మనిషి రాత్రి కవితలు రాశాడు. ఆ కవితలూ అట్లనే ఉంటాయి. నాలుగైదు పొట్టి గీతల్లో ఒక బొమ్మ తేలుతుంది. నల్లబడే లోపల తీసేస్తాడు. ‘ఎర్ర పావురాలు’ 1978లో వచ్చింది. ఆంధ్రజ్యోతిలో ‘సిటీ లైఫ్’ శీర్షికన రాసిన చిట్టి కవితల్లో హైదరాబాద్ తన ముఖం తాను చూసుకొని ఉలిక్కిపడింది.

ఆయనకు ఒకటో తారీఖు లేదు. గిరాకీ వస్తే పైసలు, లేకుంటే లేదు. స్టూడియో ఊరు మారింది గానీ రాత మారలేదు. క్షయ పట్టింది. 1993 జనవరి 12న, పుట్టినరోజు నాడే పోయాడు. సరిగ్గా 39 ఏండ్లు. కంచె లేని చేనది. పంట మాత్రం పండింది. కంచె వేసుకొమ్మని ఆయనకు ఇప్పుడు మనం చెప్పడం తేలిక. కొన్ని చేతులు కంచె వెయ్యడానికి వంగవు. రాజయ్య సార్ దారి మంచిదా, అలిశెట్టి దారి గొప్పదా అని తూకం వేసే కాటా నా దగ్గర లేదు. ఒకరికి 87 ఏండ్లు దొరికాయి, ఒకరికి 39. ఆ తేడా ముందు నిలబడి, ఆకలి కళను సానబెడుతుందని మాత్రం ఎవరూ అనొద్దు. ఆకలి మనిషిని అరగదీస్తుంది. మిగిలినదాన్ని మనం సాన అనుకుంటున్నాం.

పెయింటర్ వీసా

సిరిసిల్లలో పొద్దున దిగితే మొదట వినపడేది సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు. మనిషి నిద్రపోయినా గోడ నిద్రపోదు. నేసిన బట్ట లెక్కన కూలి. ఆ చప్పుడు నడుమనే నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేశారు. వెల్ది హరిప్రసాద్ జీ-20 గుర్తును చేత్తో నేసి పంపితే, 2022 నవంబర్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దాని గురించి చెప్పారు. అగ్గిపెట్టెలో పట్టే చీర ఎవరు కట్టుకుంటారు? ఎవరూ కట్టుకోరు. ఏ బజారూ అడగలేదు. కూలికి నేసే బట్ట నేతగాడి పేరు మోయదు కాబట్టి, తన పేరు మోసే గుడ్డ ఒకటి కావాలనుకున్నాడు. అది నేతగాడి స్వీయచిత్రం.

బోర్డులు రాసేవాళ్లకూ అట్లాంటి గుర్తు ఒకటుండేది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల బస్టాండ్ల చుట్టూ ఒకప్పుడు చేతిరాత బోర్డులే ఉండేవి. ఇనుప రేకు మీద ఎనామిల్ పెయింట్, అక్షరానికి నీడ, కిందమూలన చిన్నగా ఫలానా ‘ఆర్ట్స్’ అని సంతకం. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. గంటలో తయారు, ధర తక్కువ, పుట్టినరోజుకు ముఖం కూడా అచ్చు వేసిస్తుంది. అక్షరాలు రాసే చేతులు ఖాళీ అయ్యాయి. ఈ దిక్కు ఖాళీ అయిన చేతులు పట్టే దారి అందరికీ తెలిసిందే. గల్ఫ్ పోయే వీసాల్లో పెయింటర్ వీసా అని ఒకటుంటుంది. కుంచె పట్టినవాడికి అదొక్కటే దేశాలు దాటించే కాగితం. అక్కడికి పోయినంక గోడ ఒకటే, రంగు ఒకటే, రోలర్ ఒకటే. చేతిలో అక్షరం ఉన్నవాడు ఆ గోడకు తెల్లరంగు కొడుతూ ఏమనుకుంటాడో ఏ వీసా మీదా రాయరు.

చేతిలోంచి కుంచె తీసేసిన ముసలాయన

స్వీయచిత్రాల ముచ్చటలో రెంబ్రాంట్ లేకుండా ముగింపు లేదు. ఈ డచ్చి చిత్రకారుడు వయసు పొడుగునా తన ముఖం గీసుకున్నాడు. బొమ్మలు, అచ్చులు కలిపి 80 దాకా ఉంటాయంటారు. పడుచుతనంలో జరీ టోపీలు, గొలుసులు పెట్టుకొని గీసుకున్నాడు. 1656లో దివాలా తీశాడు. ఇల్లు, సామాను వేలానికి పోయాయి. 1660లో ఆయన కొడుకు, సహచరి కలిసి ఒక దుకాణం పెట్టి, అందులో ఆయనను పనివాడిగా చూపించారు. అప్పులవాళ్ల నుంచి, సంఘం కట్టుబాట్ల నుంచి తప్పించుకోవడానికి దొరికిన ఉపాయం అది. అంటే యూరప్ అంతటా పేరున్న చిత్రకారుడు ముసలితనంలో కొడుకు కింద కొలువుకు కుదిరాడు. "పని ఏం జేస్తవు" అని అడిగితే చెప్పుకోడానికి కాగితం మీద ఒక జవాబు.

1669లో, 63 ఏండ్లప్పుడు వేసుకున్న బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో పోయాడు. వదులైన చెంపలు, ఉబ్బిన ముక్కు, కండ్ల కింద సంచులు. ఒక్కటీ దాచలేదు. నుదుటి మీద రంగు మందంగా, దాదాపు మట్టి మెత్తినట్టు. చేతులు కడుపు మీద ముడుచుకొని ఉంటాయి. ఆ బొమ్మకు ఎక్స్‌రే తీసి చూస్తే కింద ఇంకో బొమ్మ కనిపించింది. మొదట ఆ చేతులు విప్పి ఉన్నాయి. చేతిలో కుంచె ఉంది. తర్వాత ఏమనుకున్నాడో, దాని మీద రంగు వేసి కుంచెను మాయం చేశాడు. చేతులు ముడిచేశాడు.

రూసో తనను తాను పెద్దగా చూపించుకోవడానికి కుంచె పట్టుకున్నాడు. నలభై ఆరేండ్ల గుమస్తాకు ఆ కుంచె అవసరం. అరవై మూడేండ్ల రెంబ్రాంట్‌కు ఆ గుర్తు కూడా బరువైంది. నేను ఫలానా పని చేస్తా అని చెప్పుకునే ఆఖరి వస్తువును కూడా పక్కన పెట్టేశాడు. కొలువు, అప్పు, పేరు, చివరికి కళ కూడా చేతిలోంచి జారినంక మిగిలిన మనిషిని వేశాడు. వేసింది మాత్రం ఆ కుంచెతోనే.

పోయిన దీపావళికి ముత్యంపేట పోయాను. పెద్దబాపుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చొని ఉన్నాడు. గానుగ ఆగినప్పటి నుంచి చెయ్యడానికి ఏ పనీ అతకలేదు. చిట్టీలు రాసిన వేళ్లు ఉత్తగా ఒళ్లో పెట్టుకుంటాడు. నా సంచిలో కాగితాలు, పెన్సిల్ ఉన్నాయి. ఆదివారాలు మాత్రమే బయటికొచ్చే సామాను అది. మాట్లాడుతూనే గీయడం మొదలుపెట్టాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు, కూలి అడగకుండా.

అయిపోయినంక కాగితం చేతికిచ్చాను. అద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూశాడు. బొమ్మలో ముడుచుకున్న చేతుల మీద వేలు పెట్టి అడిగాడు.

"పెన్ను పెట్టకపోతివేందిరా చేతుల?"

పెట్టనా పెద్దబాపూ అన్నాను. కొంచెంసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"వద్దులే. గిట్లనే మంచిగున్న."